పన్నెండో ఫారం

మా అక్క నవల పదకొండు ఫారాలకు సరిగ్గా సరిపోయింది. సరిపోయింది అనడం కన్నా నేను సరిపెట్టాను అనడం నిజం. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చయ్యే పదహారు పేజీలు. అక్క రాసింది పదకొండు ఫారాలు దాటి ఇంకో ఆరు పేజీలు వచ్చింది. పన్నెండో ఫారానికి ప్రెస్సులో కాగితం లేదు, ఆవిష్కరణ సభేమో మర్నాడే. ప్రెస్సు నాది, అక్షరాలు కూర్చిందీ నేనే. చివరి అధ్యాయం తీసి పక్కన పెట్టి, దాని ముందు అధ్యాయం కింద ‘సమాప్తం’ అని వేసేశాను. అక్కతో ఒక్క మాట చెప్పలేదు.

సభలో పుస్తకం చేతికొచ్చాక ఆవిడకు తెలిసింది. ఇల్లు వదిలి వచ్చేసిన అమ్మాయి వానలో బస్టాపు దగ్గర నిలబడటంతో నేను వేసిన పుస్తకం అయిపోయింది. అక్క రాసిన దాంట్లో ఆ తర్వాత బస్సు వస్తుంది, అమ్మాయి చెల్లెలి ఇల్లు చేరుతుంది, చెల్లెలు తలుపు తీస్తుంది. అక్క నాతో మాట్లాడటం మానలేదు గానీ ఆ పుస్తకం ఊసెత్తడం మానేసింది. మరో నవల కూడా రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ సంగతి మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

మొన్నామధ్య అక్క కూతురు ఆ నవలను ఈ-బుక్కుగా పెడతానంది.

“వేసినవి ఐదొందల కాపీలు. సగం అటకెక్కాయి. ఫోన్లో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో చదువుతారు మామయ్యా.”

“ఫోన్లో నవల ఎవరు చదువుతారే? పేజీ తిప్పేలోగా నాలుగు సార్లు మోగుతుంది” అన్నాను. ప్రెస్సు మూసేసినా నోరు మూతపడలేదు నాకు. తర్వాత, ఊరికే అడిగినట్టు అడిగాను. “ఎన్ని పేజీలకు సరిపెట్టాలంటారు?”

“ఎన్నైనా ఉండొచ్చు. అక్కడ ఫారాలుండవు కదా.”

నేను లేచి ఇంటికి వెళ్లిపోయాను.

ప్రెస్సు అమ్మేసినప్పుడు అచ్చక్షరాలు పెట్టుకునే చెక్క అర ఒకటి మిగుల్చుకున్నాను. మా ఆవిడ అందులో గుండీలు, దారపు ఉండలు వేసుకుంటుంది. వాటిని మంచం మీద బోర్లించి, అర అడుగున పరిచిన కాగితాలు పైకి లాగాను. అక్క చివరి అధ్యాయం, తప్పులు దిద్దుకోవడానికి తీసిన ప్రూఫు. దాచాను అని గొప్ప చెప్పుకోను. అడుగున వేసుకోవడానికి ఏదో ఒక కాగితం కావాలి కాబట్టి వేశాను. కానీ అది అక్కడుందని నాకు ఏనాడూ మరపు రాలేదు.

మిగతా నవల మేనకోడలు చూసుకుంది. ఆ ఆరు పేజీలు మాత్రం నేనే కంప్యూటర్లో కొడతానని పట్టుబట్టాను. రెండు వేళ్లతో పన్నెండు రోజులు పట్టింది.

పుస్తకం ఎక్కించిన రోజే అక్క ఫోన్ చేసింది. ఆవిడ కళ్లకు పొర కమ్మింది, టాబ్లెట్లో అక్షరాలు బొటనవేలంత చేసుకుని చదువుతుంది.

“ఒరే, ఇదేంట్రా, చివర్లో మూడు మాటలకో గొయ్యి? అక్కడికొచ్చేసరికి పడి లేస్తున్నాను.”

మేనకోడలు చూసి తల పట్టుకుంది. “ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టావా మామయ్యా?”

“కొట్టకపోతే లైను ఎక్కడ ఆగాలో దానికెలా తెలుస్తుంది?” ముప్పై ఏళ్లు చేత్తో అక్షరాలు కూర్చినవాణ్ణి. లైను నిండితే ఆపడం చేతికి అలవాటైపోయింది.

“ఆపక్కర్లేదు. చూసేవాళ్ల తెర ఎంతుంటే అంతకు అదే సర్దుకుంటుంది. ఉండు, ఒక్క నిమిషంలో అన్నీ తీసేస్తాను.”

“నువ్వు ముట్టుకోకు. నేను తవ్విన గోతులు నేనే పూడ్చుకుంటాను” అన్నాను. ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చాను, రెండు రోజులు.

నెల తిరిగేసరికి రెండు వేల మంది చదివారట. అభిప్రాయాలు కూడా వచ్చాయి. ఒకాయన బాగుందన్నాడు, ఒకాయన సాగదీశారన్నాడు. ఒకావిడ రాసింది మాత్రం మేనకోడలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించింది.

“ఈ నవల అచ్చులో నా పెళ్లికి ముందు చదివాను. ఆ అమ్మాయిని వానలో వదిలేసినందుకు రచయిత్రి మీద చాలా కోపం వచ్చింది. మళ్లీ ఆవిడ రాసిందేదీ ముట్టుకోకూడదనుకున్నాను. నిన్న నా కూతురి ఫోన్లో చదివాను. ఆ పిల్ల ఇల్లు చేరింది. అమ్మా, నన్ను క్షమించండి.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. క్షమాపణ చెప్పాల్సినవాణ్ణి ఇక్కడ కూర్చున్నాను, ఎక్కడో ఉన్న ఆవిడ చెబుతోంది.

“ముప్పై ఒక్కేళ్లు వానలో నిలబెట్టావు కదరా ఆ పిల్లని” అంది అక్క. ఆనాడు నేను చేసిన పని గురించి నాతో అన్న మొదటి మాట అదే.

“తప్పైపోయిందక్కా. ఆవిడకు రాయించు, ఆ పని చేసింది ప్రెస్సువాడని.”

“రాయిస్తాలే.” టాబ్లెట్ పక్కన పెట్టి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. “రేపు పొద్దున రా. నేను చెబుతాను, నువ్వు కొట్టు. ఇంకొకటి ఉంది నా దగ్గర. ఎన్ని పేజీలని అడిగావో, చూడు మరి.”

“అడగను.”

“ఎంటర్ నేను చెప్పినప్పుడే కొట్టు.”