కారులో వదిలేసిన టోపీ

నెబ్రాస్కాలో విమానంతో పొలాలకు మందు చల్లే లైల్, పైలట్ వైద్య పరీక్షకు వచ్చాడు. మూడేళ్లలో ఏ డాక్టరుకైనా చూపించుకున్నారా అన్న ప్రశ్నకు "లేదు" అని రాశాడు. నిజానికి నిరుడు రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోతే, పైలట్ టోపీ కారులోనే వదిలేసి, తననెవరూ ఎరగని ఊళ్లో చూపించుకున్నాడు. ఆ సంగతి రాస్తే లైసెన్సు పోతుంది మరి.

పరీక్ష చేసే డాక్టరు కార్విన్ అతని చిన్ననాటి స్నేహితుడు. ఆ జవాబు చూసి, సర్టిఫికెట్ మీద సంతకానికి ఇట్టే పెన్ను తీశాడు.

"గుండ్రాయిలా ఉన్నావు, నీకేంట్రా. ఆదివారం మా చిన్నదాన్ని నీ విమానంలో ఓసారి తిప్పు. నీతో అయితే నాకు బెంగలేదు."

లైల్ చేతిలో పైలట్ టోపీ నలిగిపోతోంది.

"సంతకం పెట్టకురా," అన్నాడు. "పిల్లని నాతో పంపకు."