దండెం మీది గుడ్డ

నలభయ్యో దుప్పటి పిండుతుంటే పిచ్చుకకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎడమ డొక్క పట్టేసింది. ప్రసవాల వార్డు నుంచి వచ్చిన దుప్పట్లవి. ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. వేణ్ణీళ్ళు తగిలాయా, నెత్తుటి మరక ఇక జన్మలో పోదు. ఆసుపత్రి బట్టలుతికే షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది అదే.

"మూతేమయిందే?" ఇస్త్రీ రోలరు మీద దుప్పటి సాగదీస్తూ, షెడ్డులో అందరికన్నా పాతదైన పెద్దక్క అరిచింది.

"మాత్రలు మింగా."

"మాత్రలు మింగితే మూతి చీరుద్దా?"

"రేకుతో సహా మింగిస్తే చీరుద్ది."

పెద్దక్క రోలరు ఆపేసింది.

పప్పుడబ్బా అడుగున దాచిన గర్భం రాకుండా వాడే మాత్రలు నిన్న అత్త కంటపడ్డాయి. మొగుడు పిచ్చుక గుండెల మీద మోకాలు పెట్టి, మిగిలిన మాత్రలన్నీ రేకుతోనే నోట్లో కుక్కాడు. పిల్లలిద్దరూ గోడకి అతుక్కుపోయి చూశారు. ఆమె కక్కేసింది. కక్కినందుకు డొక్కలో తన్నాడు.

అతనికి పిల్లల మీద మోజేమీ లేదు. ఉన్న ఇద్దరు ఆడపిల్లల్నే ఏనాడూ ఎత్తుకోలేదు. కడుపుతో ఉన్న ఆడదానికి కాళ్ళు గడప దాటవని అతని లెక్క. రోలరు పని ఏడాది పొడుగునా ఉండే పని, తొట్టి దగ్గర కూలికి ఒకటిన్నర రెట్లు జీతం, పైగా ఆడవాళ్ళకి ఆవరణలోనే ఒక గది. ఆ పని రెండుసార్లు పిచ్చుక దాకా వచ్చింది. రెండుసార్లూ కడుపు పండింది, పని తప్పింది. రెండోసారి ఏడో నెలలో బిడ్డ చచ్చిపుట్టింది. ఆమెకి నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. మళ్ళీ గర్భం వస్తే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు చెబితే, "వాళ్ళు అట్టాగే అంటార్లే" అన్నాడు మొగుడు.

ఆ కడుపు దాచి పని నిలుపుకుందామని అప్పట్లో ఆమె, నెలసరి వచ్చినట్టు, ఉత్త గుడ్డ తడిపి దండెం మీద ఆరేసింది. అత్త పసిగట్టింది. అప్పట్నుంచీ నెలనెలా గుడ్డని ఉతక్కముందే విప్పి చూస్తుంది. అందులో నెత్తురు కనబడిన రాత్రి పిచ్చుక వీపు విమానం మోత మోగుతుంది.

మధ్యాహ్నం పెద్దక్క ఆమెని రెక్క పట్టుకుని కుటుంబ నియంత్రణ గదికి లాక్కెళ్ళింది. నర్సు కడుపు లేదని పరీక్ష చేసి నిర్ధారించుకుంది. జాకెట్టు కింద మడమ అచ్చు చూసింది. చీటీ మీద రాసుకుంది. కనురెప్ప కిందికి లాగి చూసింది.

"గర్భం రాకుండా లోపల అమర్చేవి రెండు రకాలుంటాయమ్మా. రాగిదయితే పదేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదు. కానీ నెలసరి ఎక్కువవ్వచ్చు, నొప్పీ ఉంటుంది. నీ ఒంట్లో ఉన్న రక్తమే అంతంత మాత్రం. రెండోది మందుది. మొదట్లో మచ్చమచ్చగా కనబడుతుంది, తర్వాత తగ్గుతుంది. కొందరికి మొత్తానికే ఆగిపోతుంది. నీ ఒంటికి ఇదే నయం. ఇష్టం మాత్రం నీది."

"ఆగిపోతే మా అత్తకేం చూపించేది? రాగిదే పెట్టండి."

"కోడి నెత్తురు పూసి చూపించవే" అంది పెద్దక్క. "దానికి తేడా ఏం తెలుస్తుంది!"

పిచ్చుకకి నవ్వొచ్చింది. డొక్క కలుక్కుమంది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నాలుగు సీసాలు ఎక్కించుకున్న రక్తం. దాన్ని నెలనెలా గుడ్డలో మూటగట్టి అత్త చేతిలో పెట్టాలి, వాళ్ళు చూసుకోడానికి.

"వద్దు. వాళ్ళ కళ్ళ కోసం నా నెత్తురు పొయ్యను. మందుదే పెట్టండి" అంది. మళ్ళీ, "దానికి దారం ఉంటుందంటగా? చేతికి తగిలితే లాగేస్తాడు" అంది.

"పొట్టిగా కత్తిరిస్తాను. నొప్పి, జ్వరం వస్తే వెంటనే రా. తీసెయ్యాలనిపిస్తే నువ్వొచ్చి చెప్పు. ఇంకెవరొచ్చి చెప్పినా తియ్యను."

రెండు నెలలు మచ్చలు కనబడ్డాయి, దెబ్బలూ పడ్డాయి. మూడో నెల గుడ్డ లేదు. నాలుగో నెలా లేదు. అత్త దండెం కింద నిలబడి మురిసిపోయింది. మొగుడు వారం రోజులు చెయ్యెత్తలేదు. పెద్ద కూతురు అన్నం తింటూ, "అమ్మా, నాన్నకి ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

ఆ వారమే పెద్దక్క పని మానేసింది. మేస్త్రీ పలక మీద రోలరుకి ఎదురుగా పిచ్చుక పేరు రాశాడు.

మర్నాడు పొద్దున్నే మొగుడు షెడ్డులోకి వచ్చాడు. "దాని పేరు కొట్టెయ్యి మేస్త్రీ. మళ్ళీ కడుపు" అన్నాడు నవ్వుతూ. మేస్త్రీ విసుక్కుంటూ పలక దగ్గరికి నడిచాడు. తొట్ల దగ్గర ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఇది వాళ్ళందరూ మూడోసారి చూస్తున్న తంతు.

"చెరపమాక మేస్త్రీ" అంది పిచ్చుక. "కడుపు లేదు."

"లేకపోతే గుడ్డేదే?" అన్నాడు మొగుడు.

"రాదు. కడుపూ రాదు. నేనే పెట్టించుకున్నా."

మొదటి దెబ్బకి ఆమె తోపుడు బండి మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోది తన్ను. "ఎవడి కోసమే? తీయించు, ఇప్పుడే పద!" అంటూ జుట్టు పట్టి ఈడ్చాడు. బండి తిరగబడింది. ఇస్త్రీ అయిన తెల్ల దుప్పట్లు నేల మీద పరుచుకున్నాయి. ఆమె ముక్కులోంచి కారే నెత్తురు వాటి మీద చుక్కలుగా పడి, చారికలయింది. జుట్టు అతని గుప్పిట్లో ఊడి రాగా ఆమె మోకాళ్ళ మీద లేచింది.

"తీయించుకోను" అంది.

ఎవరో అలవాటుకొద్దీ బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు. "చన్నీళ్ళు, చన్నీళ్ళు! మరక పడుద్ది!"

"ముట్టుకోవద్దు" అంది పిచ్చుక.

మరక పడ్డ దుప్పటి రెండు కొసలూ పట్టుకుని లేచి నిలబడింది. తడి చేతులతో పిండేవాళ్ళలా కాదు, రోలరు మీద సాగదీసేవాళ్ళు పట్టుకున్నట్టు, ముడత లేకుండా, అతని మొహానికి ఎదురుగా.

"నెలనెలా చూస్తారుగా. ఇదిగో చూడు. మీ అమ్మకీ చూపించు."

అతని చెయ్యి ఇంకా పైనే ఉంది. తొట్ల దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఒక్కొక్కరే తలలెత్తి, తడి చేతులతో ఇటు నడిచి వస్తున్నారు. మేస్త్రీ చేతిలో తుడిచే గుడ్డ, పలక మీద ఆమె పేరుకి జానెడు దూరంలో, గాలిలోనే ఆగింది.