సెల్లత్తాయి మెత్తిన మూత

విరుదునగర్ బడిలో ఆ వారం వెంకటసామి మాస్టరు 'ప్రిజర్వ్' అనే ఇంగ్లీషు మాట చెప్పాడు. ఒక్క మాట ఎన్ని చోట్ల పనికొస్తుందో పిల్లలకు చూపించడం ఆయనకు ఇష్టం. ఉప్పు పట్టించిన చేప, పాకంలో వేసిన ఉసిరికాయ, వేటకని జమీందారు ఎవరినీ అడుగు పెట్టనివ్వని అడవి, పెద్దలు నిలుపుకొచ్చిన పరువు, అన్నిటికీ ఇదే మాట అన్నాడు. బోర్డు మీద 'చెడిపోకుండా, ఉన్నది ఉన్నట్టు ఉంచడం' అని రాసి కింద గీత గీశాడు. భార్య సెల్లత్తాయి పోయి నాలుగు నెలలైంది. ఆయన గొంతు తడబడటం ఇంతవరకూ ఎవరూ వినలేదు.

శనివారం కోవిల్‌పట్టిలో రైలు దిగి ఊరికి నడిచాడు. ఐప్పసి నెల వాన పడి నల్లరేగడి అరికాళ్ళకు అంటుకుంటోంది. వాకిట్లో అత్త పొన్నమ్మాళ్ కూర్చుని ఉంది. కూతురు పోయాక పొలం ఆమే చూస్తోంది.

"వచ్చిండావా అల్లుడా? రేపు విత్తాల. జొన్న కుండ దించు."

కిందటి మాసి నెలలో కోతలయ్యాక సెల్లత్తాయి ఆ విత్తనాలకు బూడిద పట్టించి, వేపాకు వేసి, మూత చుట్టూ పేడమట్టి మెత్తింది. మెత్తిన చోట ఆమె వేళ్ళ జాడలు ఎండి గట్టిపడ్డాయి. ఇంట్లో ఆమె ఫోటో లేదు. ఆమె చేతి ఆనవాలు అదొక్కటే.

"అది ఉండనీ అత్తా. విత్తనాలు విరుదునగర్‌లో కొని తెస్తాను."

"బజారు విత్తనమా? ఏ మన్నులో కాసిందో ఎవురికి తెలుసు? ఇది నా బిడ్డ ఏటేటా కంకి కంకీ పట్టి చూసి ఎంచిన జొన్న. ఈ వానకు నేలలో పడకుంటే ముక్కిపోతాది. సుమ్మా ఊరికే కుండను చూస్తా కూచుంటావా?"

ఆయన కుండ దించి, చిన్న కత్తితో మూత అంచు మెల్లగా గోకసాగాడు.

"ఏందది, పెన్సిలు చెక్కుతుండావా?"

"పగలకుండా తీద్దామని."

ముసలామె దగ్గరికొచ్చింది. ఆ జాడల్లో తన వేళ్ళు పెట్టి చూసింది. తరువాత ఆయన చేతిలోని కత్తి తీసి పక్కన పడేసింది.

"ఎట్టా తీసినా పగులుతాది. నువ్వే కొట్టు."

ఆయన రాయి తీసుకుని కొట్టాడు. మెత్తిన మట్టి పెంకులై రాలి ఎండిన వేపాకు వాసన వచ్చింది. గుప్పెడు జొన్నలు వెలుతురులోకి తీసి చూశాడు.

"ఒక్క పురుగు లేదత్తా," అన్నాడు. గొంతు తడబడింది.

పొన్నమ్మాళ్ విననట్టే గంప తేవడానికి లోపలికి పోయింది.

సోమవారం బడిలో 'ప్రిజర్వ్' చేసేవాటి వరుసలో విత్తనాన్ని కూడా చేర్చాడు. బోర్డు మీద 'ఉన్నది ఉన్నట్టు' అన్నది తుడిచి, 'చెడిపోకుండా ఉంచడం' అని మిగిల్చాడు.

మాసిలో కోతలయ్యాయి. కంకులన్నీ ముందు పోసుకుని పొన్నమ్మాళ్ కూతురిలాగే ఒక్కొక్కటీ ఎంచింది. కుండ నిండాక పేడమట్టి కలిపి అల్లుడి ముందు పెట్టింది.

"నాకు రాదత్తా."

"ఊరి పిల్లకాయలకంతా ఇంగ్లీషు నేర్పిస్తుండావే, ఇది రాదా? పెట్టు చెయ్యి."

మోచేతుల దాకా పూసుకుని ఆయన మూత చుట్టూ మెత్తాడు. పొన్నమ్మాళ్ కుండ అటూ ఇటూ తిప్పి చూసింది.

"కోతి మెత్తినట్టుండాది," అని నవ్వింది. "పురుగైతే దూరదులే. ఎత్తి అటక మీద పెట్టు."