స్వామికిచ్చిన వాము వాసన

నేరేడుచర్లలో సుక్కమ్మ ప్రతి శనివారం తలస్నానం చేసి, రాగి కాగులో వాము ఉడకబెట్టేది. మూత చుట్టూ మట్టి మెత్తి, మూతకు బిగించిన గొట్టానికి తడిగుడ్డ చుడితే, ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా సీసాలోకి దిగేది. అడుగున నీళ్లు, పైన పలుచని తైలం. చలికాలంలో ఆ తైలంలోనే వాముపువ్వు గాజుపలుకుల్లా పేరుకునేది. మందు బలమంతా ఆ ఘాటులోనే. సీసాను మట్టపల్లి నరసింహస్వామి పటం ముందు పెట్టి, "ఇది నాది కాదు స్వామీ, నీది" అని దండం పెట్టేది.

అట్లా పెట్టగానే వాసన సీసాలోంచి లేచి ఊళ్లోకి నడిచిపోయేది. ఎవరి పుండు దగ్గర కూర్చుంటే ఆ పుండు మానిపోయేది. దారిలో ఎదురైతే జనం, "జర జరుగుండ్రి, సుక్కమ్మ వాము పోతున్నది" అని తప్పుకునేవారు. అది తిరిగొచ్చేదాకా సీసాలో ఉన్నది ఉత్త నీళ్లతో సమానం.

రజాకార్ల ఏడు, వరికోతలో సుక్కమ్మ పెనిమిటి గౌరయ్యకు కొడవలి తగిలి కాలు తెగింది. భయానికి సూర్యాపేట దవాఖానకు బండి కట్టేవాడు లేడు. పుండు చీము పట్టి పిక్కదాకా నల్లబడింది. వాసన ఊళ్లోకి పోయి ఇంకా తిరిగి రాకున్నా, సుక్కమ్మ సీసా వంచి తైలం పోసింది.

"మండుతున్నదా?"

"సల్లగున్నదే. ఊరందరికీ సుట్టమే, మనింటికి రావాల్నంటే కొత్తల్లుడు." గౌరయ్య నవ్వాడు. ఆ నవ్వు ఆగిపోయాక, "జర పిలువరాదే" అన్నాడు.

"ఎట్ల పిలుస్త? స్వామికి ఇచ్చిందాయె."

మధ్యాహ్నం అది దానంతటదే వచ్చింది. గడప దాటింది. మంచం కోడు దాకా వచ్చింది. గౌరయ్య పుండు భగ్గున మండింది, పళ్లు బిగించాడు. సుక్కమ్మ చేతులు జోడించింది.

అంతలో ఎదురింటి జంగమ్మ బిడ్డ ఏడ్చింది. పురిటి బిడ్డ, బొడ్డు చీము పట్టింది. వాసన వెనుదిరిగింది.

సుక్కమ్మ కొంగు సర్దుకోకుండానే వెంట ఉరికింది. అప్పటికే అది పసిదాని బొడ్డు మీద కూర్చున్నది. బిడ్డ ఏడుపు మాని రొమ్ము అందుకున్నది. సుక్కమ్మ ఆ పక్కనే కూర్చున్నది.

"గౌరయ్య బావకు ఎట్లున్నదక్కా?" జంగమ్మ అడిగింది.

"మంచిగనే ఉన్నడు. నువ్వు పిల్లను సూడు."

సందు అవతల నుంచి గౌరయ్య గొంతు వినబడింది. "ఏమే, అది ఎటు పోయిందే?"

సుక్కమ్మ లేచింది. వాసన లేవలేదు.