పదో గడి, ఐదో వరస

"నీ స్క్రీన్ ఈ పూట తిన్నగా నడిస్తే చాలమ్మాయ్, రాత్రి చూసుకోడానికి మనిషి అక్కర్లేదు. ఎల్లుండి నుంచి మీ ఆయనకీ నీతోపాటే పగలు డ్యూటీ" అని సూపర్‌వైజరు తలుపులోంచే చెప్పి వెళ్లిపోయాడు.

ఆమెకి గంతెయ్యాలనిపించింది. ఎవరి ముందు గంతేస్తుంది? కోల్డ్ స్టోరేజీ కంట్రోల్ రూములో తనూ, ఫ్యానూ. వాళ్లాయనేమో ఇక్కడే రాత్రి డ్యూటీ చేసెళ్లి ఇంట్లో నిద్రలో ఉంటాడు. పెళ్లయి రెండు నెలలు. ఆయన వచ్చేసరికి ఆమె నిద్ర, ఆమె బయల్దేరేసరికి ఆయన నిద్ర. సింకులో టీ గ్లాసులు మాత్రం హాయిగా పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

ఆ స్క్రీన్ ప్రోగ్రాం ఆమే 'సి' కంప్యూటర్ భాషలో రాసింది. గోటూఎక్స్‌వై అనే ఆజ్ఞలో ముందు గడి, తర్వాత వరస చెప్తే కర్సర్ బుద్ధిగా అక్కడికెళ్లి నిలబడుతుంది. పదో గడి, ఐదో వరసలో చేపల గది చలి. తెరంతా చెరిపి రాయకుండా ఆ అంకె ఒక్కటే మారుతుంది, హద్దు దాటితే అలారం మోగుతుంది.

లోడింగుకి చేపల గది తలుపు తెరిచారు. మైనస్ పన్నెండు, పదకొండు, పది... ఉన్నట్టుండి మైనస్ తొంభై! అలారం గోల పెట్టింది.

హమాలీ బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "కొత్తపెళ్లికూతురా, లోపల మైనస్ తొంభై అట! నేనింకా బతికే ఉన్నానా, కాస్త చూసి చెప్పు!"

"నవ్వకు బాబాయ్, ఇక్కడ నా ప్రాణం పోతోంది."

తెరకేసి చూస్తే తెలిసొచ్చింది. పది ఉన్నచోట ప్రోగ్రాం తొమ్మిది రాసింది, పాత సున్నా కదలకుండా అక్కడే కూర్చుంది. అలారం కూడా ఆ తెరమీది అంకెనే చదువుతుందాయె! అంకె వెనక రెండు ఖాళీలు కూడా రాయించి, మళ్లీ నడిపింది.

"తలుపు మూసి, గది చల్లబడ్డాక ఇంకోసారి తెరవవూ?"

"దేనికి?"

"మా ఆయన కోసం."

"చేపల్లో దాచావా ఏంటి!" అంటూనే వెళ్లాడు.

ఒంటరిగా, ఊపిరి బిగబట్టి చూసింది. పదకొండు. పది. తొమ్మిది. వెనక ఏమీ లేదు.

"బావుంది" అన్న సూపర్‌వైజరు గొంతు వెనకనుంచి వినపడింది.

సాయంత్రం గేటు దగ్గర వాళ్లాయన ఎదురొచ్చాడు, నిద్రమొహంతో. లోపలికి ఆయన, బయటికి ఆమె. రోజూ ఉండేది ఆ నాలుగడుగులే. ఈ సాయంత్రం కూడా ఇంట్లో ఆమె ఒక్కతే.

"ఏంటి, మొహం వెలిగిపోతోంది?"

"ఈ రాత్రితో మీ రాత్రి డ్యూటీ ఆఖరు. ఎల్లుండి పొద్దున్నే లేవండి. ఇద్దరం ఒకే బస్సులో వస్తున్నాం. కిటికీ సీటు నాది!"