గాలివాటు గంటన్నర

మూడు గంటల్లో తిరిగి పుట్టింటికి రాలేని ఊరికి మా ఇంటి పిల్లని ఇవ్వకూడదు. ఇది మా నానమ్మ అచ్చియమ్మ పెట్టిన చట్టం. అనకాపల్లి బజారులో నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి, ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. ఆ చట్టం పుణ్యమా అని నన్ను గొలుగొండ ఇచ్చారు. నర్సీపట్నంలో బస్సు మారితే సరిగ్గా మూడు గంటలు. అంతకుముందు వచ్చిన హైదరాబాదు సంబంధం పన్నెండు గంటల దూరమని వెనక్కి పోయింది. ఆ కోపం నాకింకా ఉంది.

ఇప్పుడు మా చెల్లి చిట్టి వంతు. సింగపూర్‌లో వెల్డింగు పనిచేసే మోహిత్‌ని తప్ప ఎవర్నీ చేసుకోనని భీష్మించుకు కూర్చుంది. మూడు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. కిలోమీటర్లతో నానమ్మకి పనిలేదు.

"గంటలు సెప్పు," అంది.

చిట్టి ఫోనులో విమానం టైములు చదివింది. రాత్రి పదకొండుకి విశాఖలో ఎక్కితే తెల్లారి ఐదున్నరకి అక్కడ దిగడం. అక్కడ రాత్రి ఎనిమిదికి ఎక్కితే తొమ్మిదిన్నరకి విశాఖలో దిగడం.

నానమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది. "ఎల్డానికి ఆరున్నర. రాడానికి గంటన్నర. అదేటి?"

మా నాన్న పైడిబాబు పూడిమడక నుంచి ముప్పై ఏళ్లుగా సముద్రం మీద వేటకెళ్తున్నవాడు. ఆయనకి ఇందులో వింతేమీ కనబడలేదు.

"ఎల్లేటప్పుడు ఎదురుగాలమ్మా. వచ్చేటప్పుడు గాలివాటు. మన బోటూ అంతే కదేటి."

నానమ్మ మొహం విచ్చుకుంది. "అత్తోరింటికి ఎంతసేపైనా పోనీ. పుట్టింటికి మాత్రం గంటన్నరలో వచ్చేత్తాది. పిల్లనిత్తే ఇలాటి ఊరికే ఇవ్వాల."

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని నాకూ చిట్టికీ తెలుసు. చిట్టి నా కాలు తొక్కింది. నేను నోరు మూసుకున్నాను.

తాంబూలాల సంగతి చెప్పడానికి మోహిత్‌కి వీడియో కాల్ చేశాం. "నా గంటన్నర మనవడు" అని నానమ్మ మురిసిపోతుంటే ఆ మహానుభావుడు ఊరుకోలేదు.

"గంటన్నర కాదు నానమ్మగారూ. ఇక్కడ టైము ముందుంటాది. ఎటెల్లినా నాలుగ్గంటలే."

చిట్టి మొహంలో నెత్తురుచుక్క లేదు. నానమ్మ మళ్లీ వేళ్లు మడిచి లెక్కేసింది.

"ఆ యిమానం రోజూ ఉందేటి?" అని అడిగింది చివరికి.

"రోజూ ఉంది," అన్నాడు మోహిత్.

"అయితే ఏ రోజు కబురెడితే ఆ రోజే వచ్చేత్తాది. అది సాలు."

మేమంతా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఏటలా సూత్తారు? నేను పోయిన రోజున, పిల్లలింకా రాలేదని నన్ను రెండ్రోజులు ఐసుపెట్టెలో పడుకోబెడతారని నా బెంగ. నలభై ఏళ్లు ఐసులో సేతులెట్టేను. అదెంత సల్లగుంటాదో నాకు తెలుసు."

ఇన్నేళ్లుగా నేను మోసిన కోపం ఎటుపోయిందో తెలియదు. ఏడుపొచ్చేసింది. నానమ్మ నా వైపు తిరిగింది.

"లేటు సేత్తే నువ్వే సేత్తావు లావణ్యా. నర్సీపట్నంలో రెండో బస్సు కోసం కూకోకు. ఆటో కట్టించుకుని వచ్చెయ్."