నల్లతెర మీద నడక

ఎవరింట్లో తాళం మొరాయించినా తాళాలాయనకే కబురు వచ్చేది. బీరువా కానీ, కారు కానీ, బ్యాంకు పెట్టె కానీ, ఆయన ముందు నోరు తెరవాల్సిందే. అలాంటి మనిషి ఆ ఆదివారం మధ్యాహ్నం కూతురింటి హాల్లో, గోడంత తెర ముందు కొయ్యబారి నిలబడ్డాడు. తను కొన్న సినిమా తనకే తలుపు తీయనంటోంది.

తెర నల్లగా ఉంది. మధ్యలో చిన్న అక్షరాలు: ఈ తెరపై ఈ చిత్రం చూపించడానికి వీలులేదు.

"కొన్నాను కదా బాబూ. ట్యాబులో శుభ్రంగా ఆడుతోందిగా?"

అల్లుడు ప్రొజెక్టర్ వెనక వంగి కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు. "ట్యాబులో ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు మామయ్యా. కానీ సినిమాకి ఒక కాపలా ఉంటుంది. ఎదుటి తెరని గుర్తింపు చూపించమంటుంది. మన ప్రొజెక్టర్ పాతది, చూపించడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఎక్కడ కాపీ తీసేసుకుంటామోనని బొమ్మ ఆపేస్తుంది."

"అంటే నేను దొంగనా?"

"మీరు దొంగ కాదని దానికి తెలీదు, అంతే."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి. తాళాలాయన నడుముకి వేలాడే గుత్తిని తడుముకున్నాడు. లోకంలో ఉన్న తాళాలన్నీ అందులోనే ఉన్నట్టు తిరిగేవాడు ఇన్నాళ్లూ. దీనికి పట్టేది ఒక్కటీ లేదు. నిజానికి ఆయన కోపం ఆ కాపలా మీద కాదు, రాబోయే బుధవారం మీద.

బుధవారం భార్యకి ఆపరేషన్. ఆవిడ ఎడమచెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడిచెవి లోపల నరాన్ని ఆనుకుని గడ్డ పెరిగింది. గడ్డ తీసేస్తాం, ప్రాణానికి భయం లేదు, దాంతోపాటు వినికిడీ పోతుంది అని డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది. ఆవిడ ఏడవలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "నేను పనిచేసిన ఆ సినిమా ఒక్కసారి పెద్ద స్పీకర్లలో పెట్టించండి" అని అడిగింది. ఏనాడూ నోరు తెరిచి ఇది కావాలని అడగని మనిషి. ఆ ఒక్క కోరికా ఇలా నల్లతెర పాలవుతోంది.

ఆవిడది సినిమాలకి చప్పుళ్లు చేసే పని. షూటింగులో మాటలు తప్ప తతిమ్మా శబ్దాలు సరిగా పట్టుబడవు. తరవాత ఒక గదిలో నిలబడి, బొమ్మ చూస్తూ, అడుగుల చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు, దుప్పటి దులిపిన చప్పుడు అన్నీ మళ్లీ చేసి కలపాలి. స్టూడియోలో చప్పుళ్లమ్మ అని ఎంతో మర్యాదగా పిలిచేవారట. కానీ పెరటి చెట్టు మందుకి పనికొస్తుందా? "మా ఆవిడా సినిమాల్లోనే చేస్తుంది, ఎంత వెతికినా కనబడదు" అని తాళాలాయన పదిమందిలో వేళాకోళమాడేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు సోఫాలో కుడిచెవిని స్పీకరు వైపు తిప్పుకుని కూర్చుంది. వ్యవహారం ఇప్పట్లో తేలేది కాదని కూతురు మేడమీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లిపోయింది.

"బొమ్మ రావట్లేదే," మెట్లెక్కుతున్న కూతురికి కూడా వినబడేంత గట్టిగా ఆయన వంగి చెవి దగ్గర చెప్పాడు. "బయటికెళ్లి ఇంకో ప్రొజెక్టర్ దొరుకుతుందేమో చూసొస్తాను."

"చప్పుడు వస్తుందా?"

"చప్పుడుకేం అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "స్పీకర్లు ట్యాబుకే తగిలించాను. దాని దారి వేరు."

"మరింకేం. పెట్టు నాయనా. బొమ్మ నేను చూసిందేగా."

బొమ్మ లేని సినిమా ఏం సినిమా అని గొణుక్కుంటూ తాళాలాయన ఆవిడ పక్కన కూలబడ్డాడు.

వాన మొదలైంది. ఆయన గబుక్కున లేచి కిటికీ వైపు చూశాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది.

"వాన నాదే," అంది ఆవిడ. "రేకు మీద బియ్యం పోశాను."

ఆయన మెల్లిగా కూర్చున్నాడు. నల్లతెర లోపలినుంచి పక్షులు ఒక్కసారిగా లేచి గది కప్పు మీదుగా వెళ్లిపోయాయి. అల్లుడు తల పైకెత్తి మరీ చూశాడు. అవి రెండు తోలు చేతితొడుగులట. ఎవరో పక్కమీద అటునుంచి ఇటు ఒత్తిగిలారు. నిద్రపట్టని మనిషని చప్పుడులోనే తెలిసిపోతోంది. అదీ నువ్వేనా అని ఆయన చూపుతో అడగడం, ఊఁ అని ఆవిడ తలూపడం. ఇంత లోకాన్ని ఈ రెండు చేతులే చేశాయా? ఈ మనిషితోనా తను ఇన్నేళ్లూ కాపురం చేసింది?

అంతలో సంగీతం ఆగిపోయింది. మెట్లమీద ఎవరో వస్తున్నారు. ఒక అడుగు గట్టిగా పడుతోంది, రెండోది కాస్త ఈడుస్తోంది. అడుగడుక్కీ ఇనుము గలగలమంటోంది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకున్నారు. పై మెట్టు ఎక్కేసరికి గలగల టక్కున ఆగింది, ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు. తరవాత అడుగులు మెత్తబడ్డాయి.

"వచ్చావా నాన్నా?" వెనకవైపు మెట్లు దిగి వంటింట్లోకి వచ్చిన కూతురు అక్కడినుంచే కేకేసింది. "దొరికిందా ప్రొజెక్టర్? ఉండు, టీ పెడుతున్నా."

అల్లుడు నిలువుగుడ్లేసుకుని మామగారి వంక చూశాడు. కూతురు చేతిలో గిన్నెతో హాల్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న సోఫాలో ఉన్నాడు. నాన్న అడుగులు తలుపు దగ్గర ఉన్నాయి.

"నాన్నా, నువ్విక్కడుంటే... అదెవరు?"

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ కూతురి మాట వినలేదు, కళ్లు మూసుకుని ఉంది. ఆవిడ పాదాలు మాత్రం కదులుతున్నాయి. కుడిపాదం గట్టిగా ఆనుతోంది, ఎడమపాదం కాస్త ఈడుస్తోంది. స్పీకర్లో అడుగుకీ ఆ పాదానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

అడుగులు ఆగాక ఆయన ఆవిడ చెవి దగ్గర అడిగాడు, "ఇది నేనా?"

"ఇంకెవరు? ఆ నటుడికి పొడుగాటి కోటు, పాదాలు కనిపించవు. నీ ఇష్టమమ్మా, ఇంటికొచ్చే మనిషిలా ఉంటే చాలు అన్నాడు డైరెక్టరు. ఇంటికొచ్చే మనిషంటే నాకు తెలిసింది మీరే."

"తాళాలు గుప్పిట్లో పట్టుకోవడం కూడానా?"

"పిల్ల లేస్తుందని రోజూ అక్కడే పట్టుకునేవారుగా."

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత సంగతని కూడా అనుకోలేదు.

"అప్పట్లో ఈ సినిమా చూసొస్తూ ఏమన్నారో గుర్తుందా?" ఆవిడ నవ్వింది. "నడకంటే అదీ, అలా నడిచేవాళ్లు ఇప్పుడు ఏరీ అన్నారు."

అల్లుడు పక్కున నవ్వాడు. తాళాలాయన నవ్వలేదు. తను ఎన్నడూ చూడని ఊళ్లలో, ఎన్నెన్ని హాళ్లలో, ముక్కూమొహం తెలియని జనం తన రాక విన్నారో అని లెక్కేసుకున్నాడు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "మళ్లీ పెట్టించనా?" అన్నాడు.

"వద్దు. ఒకసారి నడవండి." ఆవిడ చెప్పులు విడిచి, రెండు అరికాళ్లూ చెక్కనేల మీద ఆనించింది. "బుధవారం తరవాత ఇలాగే వినాలిగా. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటాను."

ఆయన లేచాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అది కాదు. నటిస్తున్నారు. నేనే నయం."

మళ్లీ నడిచాడు, ఇంకా చెడిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నడుస్తున్న కాళ్లు మాట వినడం లేదు. "నా నడక నాకే రాదంటావేమే" అని విసుక్కుంటూ, కళ్లు తుడుచుకోవడానికి హాలు దాటి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. రైలింగు పట్టుకుని కొంతసేపు ఊరికే నిలబడ్డాడు. ఆ తరవాత ఏమీ తలుచుకోకుండా, ఎప్పటిలాగే లోపలికి వచ్చాడు.

ఆవిడ కళ్లు తెరవకుండానే అంది, "వచ్చారా."